గురువారం బెంగుళూరు ట్రంకు కాల్

“నాకు మూడు దినాల నుంచి అన్నం దిగడం లేదు సార్,” అని అరిచాను, బళ్ళారి దాటి బెంగుళూరు దాకా వినబడాలని.

నిజానికి ఆ మధ్యాహ్నం నేను మూడు జొన్న రొట్టెలు వంకాయ కూరతో తిని, మా అత్త అటు తిరిగినప్పుడు ఇంకో సగం రొట్టె కూడా తిని డ్యూటీకి వచ్చాను. నాకప్పుడు అయిదో నెల. ఆకలి ఆగేది కాదు. అన్నం దిగనిది నాకు కాదు, అద్దాల తలుపు వెనక చెక్క క్యాబిన్‌లో రిసీవరును రెండు చేతులతో పట్టుకుని నిలబడిన పిల్లవాడికి. అతను మెల్లగా చెప్పిన మాటను నేను గట్టిగా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు అన్న మాటను మళ్ళీ అతనికి చెప్పాలి. మధ్యలో లైను హోరు. ఆ రోజు గురువారం. బయట అంగళ్ళలో దీపాలు పెడుతున్నారు.

ఒకరి మాట ఇంకొకరు చెప్పడమేమిటని అడుగుతారు. ఆ రోజుల్లో ఫోన్లు అట్లాంటివి మరి. ఇది డెబ్భైల చివరి మాట. ఆదోని టెలిఫోను ఎక్స్‌చేంజిలో నేను ఆపరేటరును. పరాయి ఊరికి మాట్లాడాలంటే ఎవరైనా మా కిటికీ దగ్గరికొచ్చి, నెంబరు రాసిచ్చి, బెంచీ మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. నేను బోర్డు మీద తీగ ప్లగ్గు పెట్టి బళ్ళారిని పిలుస్తాను, బళ్ళారి ఆపరేటరు బెంగుళూరును పిలుస్తుంది, లైను కలిస్తే క్యాబిన్‌లోకి పొమ్మంటాను. మూడు నిమిషాలు కాగానే “టైమయింది, పొడిగించాలా?” అని అడుగుతాను. పొద్దున పూట లైను బాగానే ఉండేది. సాయంత్రం గాలి లేచిందంటే స్తంభాల మీద తీగలు ఊగి, చెరువు కట్ట తెగినట్టు ఒకటే హోరు. అప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడదు. మధ్యలో ఉన్న నాకు మాత్రం ఇద్దరివీ వినబడతాయి. అట్లాంటప్పుడు ఆపరేటరే ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పి పని జరిపించాలి.

ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. గొప్పకు చెప్పడం లేదు. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. ఒక్క గదిలో మూడు మగ్గాలు ఆడుతుంటే అమ్మను నీళ్ళడగాలన్నా అరవాల్సిందే. పది కూడా రెండోసారికి పాసయ్యాను, అదీ లెక్కల్లో అత్తెసరు మార్కులతో. ఉద్యోగానికి పిలిచిన రోజు ఆఫీసరు నాతో నాలుగు మాటలు మాట్లాడించి, గొంతు బాగుందని రాసుకున్నాడు. మా నాయన ఇప్పటికీ అంటాడు, మగ్గం నేర్పించి ఏమీ ఇవ్వలేకపోయినా మగ్గం మోత ఉద్యోగం ఇప్పించింది అని.

పత్తి వ్యాపారుల మాటలు చెప్పడం తేలిక. ఇన్ని బేళ్ళు, ఇంత రేటు, లారీ బయలుదేరింది. ఒకాయన హుబ్లీలో ఉన్న బావమరిదిని తిట్టిన తిట్లు కూడా పొల్లు పోకుండా చెప్పాను. తర్వాత ఆ బావమరిది తిట్లు ఈయనకు చెప్పాను. మా సూపర్‌వైజరు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. ఆయన ఆదోనిలోనే పుట్టి పెరిగిన పెద్ద సాయెబు, నన్ను బేటీ అనే పిలిచేవాడు. చేరిన మొదటి రోజే నాకొక మాట చెప్పాడు, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెవులుండాలి, నోరుండాలి, మధ్యలో మనసుండకూడదని. నాకు ఉన్నదే అది.

ఇక ఆ గురువారాల సంగతి. ఆదోని కాలేజీలో ఒక లెక్చరరు ఉండేవాడు. అంతకు ముందు ఏడాది హాస్టల్లో ఒక పిల్లవాడు పరీక్షల ముందు గది గడియ పెట్టుకుని పది రోజులు బయటికి రాలేదు. తలుపు తీయించి, మతి చెడిందని చెప్పి ఇంటికి పంపేశారు. ఈ లెక్చరరుకు అది మనసులో ఉండిపోయింది. ఆయనతో చదువుకున్నాయన ఒకరు బెంగుళూరులో మనసు జబ్బుల డాక్టరు. ఆదోనిలో అట్లాంటి డాక్టరు లేడు. కర్నూలు పెద్దాసుపత్రికి పోతే ఆ వరసలో నిలబడ్డవాణ్ణి చూసిన మనిషి ఎవరో ఒకరు మనకన్నా ముందే మన ఊరు చేరుకుంటాడు. అందుకని ఇద్దరు స్నేహితులూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. గురువారం సాయంత్రం డాక్టరు తన ఆసుపత్రి గదిలో ఫోను దగ్గరే కూర్చుంటాడు. బాధ ఉన్న పిల్లలు ఇక్కడి నుంచి మాట్లాడొచ్చు. కాలేజీలో ఉన్న ఒక్క ఫోనూ ప్రిన్సిపాలు గదిలో ఉంది. ఆయన అడ్డంగా తలూపాడట, ఇది చదువులకు పెట్టిన కాలేజీ, ఆసుపత్రి కాదని. అందుకని లెక్చరరు మా దగ్గరికి వచ్చాడు, కాల్ డబ్బులు తనే కడతానన్నాడు. ఎంత మంచి ఆలోచన అని నేనే అందరికన్నా ముందు సంబరపడ్డాను.

మొదటి గురువారం నలుగురు పిల్లలు వచ్చారు. బెంచీ మీద పత్తివాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు. మొదటి పిల్లవాడు క్యాబిన్‌లోకి పోయి మెల్లగా ఏదో అన్నాడు, వినబడలేదు. నేను గట్టిగా మాట్లాడమన్నాను. పాపం వాడు గొంతు చించుకుని, “నిద్ర పట్టడం లేదు సార్,” అని అరిచాడు. క్యాబిన్ చెక్క ఎంత మందమని. హాలంతా వినబడింది.

“గసాలు నూరి పాలల్లో కలుపుకొని తాగు నాయినా,” అన్నాడు బెంచీ మీది పెద్దాయన. “దానికి బెంగుళూరు దాకా ఎందుకు?”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కిటికీ వెనక. మిగిలిన ముగ్గురూ నెంబరు రాసుకున్న చీటీలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ఏర్పాటు ఆ నవ్వుతోనే చచ్చిపోయింది, తర్వాత మిగిలింది ఒక్క పిల్లవాడి కోసం లాక్కొచ్చిన ప్రాణం.

ఆ పిల్లవాడు రెండో వారం వచ్చాడు. పత్తివాళ్ళు పోయేదాకా ఎదురుగా సైకిలు షాపు దగ్గర నిలబడి, బెంచీ ఖాళీ అయ్యాక లోపలికి వచ్చాడు. సైన్సు రెండో ఏడాది. దేవనకొండ పక్క ఏదో పల్లె, వాన పడితే పంట, లేకపోతే లేదు, ఆ ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, కాలరు మాత్రం అరిగి దారాలు తేలింది. లైను కలిసింది. అటు డాక్టరు హలో హలో అంటున్నాడు, ఇటు ఇతను పెదాలు కదిపినట్టే ఉంది తప్ప మాట లేదు.

“గట్టిగా మాట్లాడప్పా,” అన్నాను.

“గట్టిగా మాట్లాడే మాటలు కాదక్కా,” అన్నాడు.

నువ్వు నీ ఇష్టం వచ్చినంత మెల్లగా చెప్పు, నేను చెప్తాను డాక్టరుకు అన్నాను. సూపర్‌వైజరు ఆ వేళకు పక్క సందులో మసీదుకు నమాజుకు పోతాడు. బోర్డు గదిలో నేను ఒక్కదాన్నే. నా అరుపు వినడానికి హాల్లో ఎవరూ లేరు. మొదట నేను “ఈ అబ్బాయికి నిద్ర పట్టడం లేదంట సార్,” అని చెప్పబోయాను. డాక్టరు ఆపాడు. అంట వద్దు, ఆ పిల్లవాడు ఎట్లా అంటే అట్లాగే అనమ్మా, నాకు అతని మాట కావాలి అన్నాడు. అప్పటి నుంచి నేను నాకు అనే చెప్పాను. నాకు నిద్ర లేదు. నాకు పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల బారు లాగా పోతాయి. నేను పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, కాలేజీ గేటు దాకా పోయి వెనక్కి తిరుగుతాను. కోట కొండెక్కి ఒక బండ మీద కూర్చుంటాను, బెల్లు కొట్టే వేళకు దిగి వస్తాను. నాకు ఫలానా కష్టమని లేదు సార్. అదే నాకు తెలియడం లేదు.

ఇవన్నీ నా నోటితో చెప్పి ఇంటికి పోతే, ఆ సాయంత్రం నాకు మా ఆయన మీద ఊరికే కోపం వచ్చేది, ఊరికే ఏడుపు వచ్చేది. కడుపుతో ఉన్నావు కదా అట్లాగే ఉంటుంది అనేవాళ్ళు అందరూ.

డాక్టరు మాత్రల చీటీ రాసి లెక్చరరుకు పోస్టులో పంపించాడు. ఒకటి ఆదోనిలో దొరికింది, రెండోది బళ్ళారి నుంచి తెప్పించారు. మూడో వారానికి, నాలుగో వారానికి పిల్లవాడి గొంతులో మార్పు వచ్చింది. రెండు రోజులు క్లాసులో కూర్చున్నానన్నాడు. ఒక గురువారం డాక్టరు అడిగాడు, నీకు తినడానికి ఏది ఇష్టమని. చేను పీకేటప్పుడు మట్టితో సహా నోట్లో వేసుకునే పచ్చి శెనక్కాయలు అన్నాడు. ఆ మాట నేను చెప్పాను. డాక్టరు పట్నం మనిషి, మట్టితోనా అన్నాడు. ఇంతలో మధ్యలో ఉన్న బళ్ళారి ఆపరేటరు ఉండబట్టలేక, మట్టి లేకుండా రుచేముంది సార్ అని కన్నడంలో అందుకుంది. డాక్టరు నవ్వాడు, ఆమె నవ్వింది, నేను నవ్వాను. అద్దంలోంచి చూస్తే క్యాబిన్‌లో ఆ పిల్లవాడు కూడా నవ్వుతున్నాడు, రిసీవరు గడ్డానికి ఆనించుకుని. నేను ఒక మనిషిని బాగుచేస్తున్నానని ఆ రోజు అనుకున్నాను. డాక్టరు కాదు, నేను. అంత పొగరు వచ్చింది.

బళ్ళారి ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. నాకన్నా పెద్దది. నన్ను తంగీ అనేది, అంటే చెల్లెలా అని. గురువారం లైను అడగగానే, “ఏం తంగీ, నీ హుడుగ వచ్చినాడా?” అని నవ్వేది. నీ పిల్లవాడు వచ్చాడా అని. అతను నాకన్నా నాలుగైదేళ్ళే చిన్న. అయినా నాకు ఆ మాట నచ్చింది.

మా అత్తకు మాత్రం నచ్చలేదు. ఎవరని చెప్పలేదు గానీ, జబ్బు పిల్లవాడొకడు ఫోనులో మాట్లాడతాడని నోరు జారాను. అసలే ఆమెకు నా సాయంత్రం డ్యూటీ గిట్టదు. సందెవేళ గడపలో కూర్చోవద్దు, తల విరబోసుకోవద్దు, నోట చెడ్డ మాట రానీయొద్దు అని రోజూ చెప్పి పంపేది. ఆ వేళ తథాస్తు దేవతలు ఇళ్ళ మీదుగా పోతుంటారంట. మనిషి ఏమంటే వాళ్ళు అట్లాగే కానీ అంటారంట. అందులో కడుపుతో ఉన్నదాని నోటి మాట అసలు నేల మీద పడదంట. నేను నవ్వి ఈ సంగతి సూపర్‌వైజరుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. మా ఇంట్లో కూడా మా నానమ్మ అదే చెప్పేది బేటీ, మగ్రిబ్, అదే సందె నమాజు వేళ ఫరిష్తాలు ఆమీన్ అంటారని, నోరు జాగ్రత్త అన్నాడు. అట్లా రెండు వైపుల నుంచీ నా చెవిలో పడింది.

ఆరో గురువారం అతను రాలేదు, పండక్కి ఊరికి పోయాడు. ఏడో గురువారం వచ్చాడు. నేను మొదట చెప్పింది ఆ రోజు సంగతే. అన్నం దిగడం లేదని అరిచిన రోజు.

మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు డాక్టరు. లేదన్నాడు. ఎందుకంటే, హాస్టలు గదిలో తనతో ఉండేవాడు మాత్రల అట్ట చూసి హాస్టలంతా చూపించాడు. అప్పటి నుంచి అందరూ ఇతన్ని బెంగుళూరు అని పిలుస్తున్నారు. అన్నం గంట కొట్టగానే, బెంగుళూరు వచ్చినాడు, దారి ఇడవండ్రా అంటారట. మాత్రలు ఏరుకుని పోయి కొండ మీద విసిరేశాడు. ఇదంతా నేను నాకు, నేను అంటూ డాక్టరుకు చెప్పాను.

డాక్టరు చాలా నిదానంగా అన్నాడు.

“ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా, అడుగమ్మా. ఆ మాటే అడుగు. మార్చవద్దు.”

అప్పుడే మసీదులో అజాన్ మొదలైంది. సూపర్‌వైజరు అప్పటికే వెళ్ళిపోయాడు. ఎదురుగా సైకిలు షాపాయన దీపం పెట్టి దండం పెట్టుకుంటున్నాడు. నా కడుపులో బిడ్డ కదలడం మొదలుపెట్టి అప్పటికి నాలుగు రోజులు.

“మరీ విసుగ్గా ఉందా అని అడుగుతున్నారప్పా డాక్టరు గారు,” అన్నాను.

క్యాబిన్‌లోంచి అతను నా కిటికీ వైపు తిరిగాడు. “ఆయన అట్ల అడిగిండడులే అక్కా. ఏమడిగినాడో నాకు తెలుసు. ఉందని సెప్పండి. దినామూ ఉంది. కొండ మీద కూసున్నప్పుడల్లా ఉంది. సచ్చిపోవాలని ఉందని సెప్పండి.”

అంత మెల్లని గొంతు. అంత స్పష్టంగా నాకు ఏదీ వినబడలేదు ఆ లైను మీద.

ఇప్పుడు నేను అనాలి. నాకు అని మొదలుపెట్టి అనాలి. డాక్టరు నేర్పించింది అదే కదా. ఇన్ని వారాలుగా అతని నిద్ర నాది చేసుకున్నాను, అతని ఆకలి నాది చేసుకున్నాను. ఈ ఒక్కటి మిగిలింది. నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది.

“నాకు,” అన్నాను.

“చెప్పమ్మా,” అన్నాడు డాక్టరు.

“నాకు శానా విసుగ్గా ఉంది సార్.”

“అంతేనా?”

“అంతే సార్.”

ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. ఆయన గుండె మీంచి బరువు దిగిందని నాకు తెలిసింది, దించింది నేనే. మాత్రలు మళ్ళీ రాసి పంపిస్తానన్నాడు, ఎవరికీ కనబడకుండా లెక్చరరు దగ్గరే పెట్టుకుని రోజూ పోయి వేసుకోమన్నాడు, సెలవుల్లో ఒకసారి బెంగుళూరు రమ్మన్నాడు. అవన్నీ ఒక్క మాట పోకుండా పిల్లవాడికి చెప్పాను. టైము అయింది. పొడిగించాలా అని ఎవరినీ అడగలేదు. తీగ లాగేశాను.

ఎప్పుడూ క్యాబిన్‌లోంచి వచ్చి తల వంచుకుని అట్లాగే వెళ్ళిపోయేవాడు. ఆ రోజు కిటికీ దగ్గరికి వచ్చి వంగి లోపలికి చూశాడు. నా ముఖం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నా కడుపు కూడా చూశాడు.

“సెప్పలేదు గదక్కా,” అన్నాడు.

“సెప్పినాను లేప్పా.”

“నేను ఇంటానే ఉన్నాను.”

నిజమే. డాక్టరు మాట అతనికి వినబడదు గానీ నా మాట వినబడుతుంది. నా గొంతు మగ్గాల మోతను దాటిన గొంతు. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో రోజూ వినే మాటే చెప్పాను.

“సందేళ అట్లాంటి మాట అనగూడదు నాయినా. తథాస్తు దేవతలుంటారు. మంచిమాట అనుకో.”

అతను కాసేపు ఆలోచించాడు, నిజంగా ఆలోచించాడు, నేను చెప్పింది ఏదో లెక్క అయినట్టు.

“దినామూ అంటానే ఉన్నాక్కా,” అన్నాడు. “ఆళ్ళు గూడ ఇన్లేదు.”

ఎగతాళి లేదు అందులో. తర్వాత “పోతాండాను,” అన్నాడు. ఎవరైనా వస్తాను అని పోతారు మా వైపు. మెట్లు దిగి కాలేజీ దారి పట్టాడు.

మరుసటి గురువారం అతను రాలేదు. బళ్ళారి అక్క లైను పట్టుకునే ఉంది, డాక్టరు అటు హలో అనుకుంటూనే ఉన్నాడు. బెంచీ ఖాళీ. రాలేదు సార్ అని చెప్పాను. ఇంకో అరగంట ఉంటానన్నాడు డాక్టరు, ఉన్నాడు. మరో నాలుగు రోజులకు లెక్చరరు వచ్చాడు. హాస్టల్లో పెట్టె లేదు, మనిషి లేడు, ఊరికి పోయాడని తెలిసి పల్లెకు పోయి చూసి వచ్చాడు. పిల్లవాడు ఇంటి వెనక గోడ వైపు తిరిగి కూర్చున్నాడట. పలకరిస్తే పలకలేదట. వాళ్ళ నాయన గాలి సోకిందన్నాడట, చూపిస్తున్నామన్నాడట. లెక్చరరు నా కిటికీ దగ్గర నిలబడి, చివరిసారి ఏమైనా చెప్పాడా అమ్మా అని అడిగాడు.

“ఏమీ లేదు సార్. విసుగ్గా ఉందన్నాడు,” అన్నాను.

మొదటిది సందెవేళ భయంతో అన్నాను. ఇది పట్టపగలు, ఏ దేవతలూ లేని వేళ అన్నాను. ఈ రెండోదానికి నాకు సాకు లేదు.

లెక్చరరు ఇంకో రెండు గురువారాలు ప్రయత్నించాడు. ఎవరూ రాలేదు. ఎండాకాలంలో ఆయనకు బదిలీ అయింది. ఏర్పాటు అంతటితో సరి. నాకు ఆడపిల్ల పుట్టింది, పుట్టిన రోజు నుంచి గట్టి గొంతు. తర్వాత నన్ను ఎమ్మిగనూరు ఎక్స్‌చేంజికి వేశారు, పుట్టింటికి దగ్గరని అందరూ సంతోషించారు.

అక్కడే అతన్ని మళ్ళీ చూశాను, రెండేళ్ళకు. సంత రోజు బస్టాండులో. వాళ్ళ అన్న చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి. నేను నా బుద్ధి పోనిచ్చుకోకుండా ఎదురెళ్ళి పలకరించాను. ఆదోని ఫోను అక్కనప్పా, గుర్తున్నానా అన్నాను. ముఖం చూసి కాదు, గొంతు విని తల తిప్పాడు. గుర్తుపట్టాడు. అది నేను ఎవరి ముందైనా ఒట్టేసి చెప్తాను. అంతే, మళ్ళీ బస్సు చక్రం వైపు చూపు తిప్పేశాడు.

మాట పడిపోయిందా అని వాళ్ళ అన్నను అడిగాను.

“మాట యాడికి పోతాదమ్మా, లోపలే ఉంది,” అన్నాడు అతను. “మాట్లాడడు, అంతే. రెండేండ్లాయ. అమ్మ పిలిసినా పలకడు.”

ఆస్పరి పక్క దర్గాలో నలభై దినాలు ఉంచారు, మంత్రాలాయన దగ్గరికి తిప్పారు, కర్నూలు ఆసుపత్రికి ఒకసారి తీసుకుపోయి సూదులు వేయించారు. ఇంక తిప్పే ఓపిక లేదన్నాడు. బెంగుళూరులో ఒక డాక్టరున్నాడు, మీ తమ్ముణ్ణి ఎరిగినవాడే అన్నాను. ఫోనులో మాట్లాడొచ్చు అని కూడా అనేశాను. అన్న నా వైపు వింతగా చూశాడు. మాట్లాడనోనికి ఫోనెందుకమ్మా అన్నాడు. అయినా నెంబరు రాసి ఇచ్చాను. అతను బస్సు టిక్కెట్టుతో కలిపి మడిచి చెవి వెనక పెట్టుకున్నాడు. ఆ వారమే నేను సొంతానికి కాల్ బుక్ చేసి ఆ నెంబరు అడిగితే, డాక్టరు ఆ చోటు వదిలి ఏడాది దాటిందని, ఎక్కడికి పోయాడో తెలియదని చెప్పారు.

నా వల్లనే అని ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికీ తెలియదు. నేను ఆ మాట చెప్పి ఉంటే డాక్టరు ఏం చేసేవాడో, ఆ సాయంత్రమే లెక్చరరును పరుగెత్తించేవాడో, కారు వేసుకుని వచ్చేవాడో, లేక వచ్చినా ఏమీ కాకపోయేదో. మా ఆయన అంటాడు, అతని రాత అంతే, నీదేముందని. రాత అతనిదే కావచ్చు. చదివి వినిపించాల్సినదాన్ని నేను. పెద్ద పట్నాల్లో లాగా ఇక మా ఊళ్ళలో కూడా నెంబరు తిప్పితే నేరుగా పరాయి ఊరు పలుకుతుందట, మధ్యలో ఎవరూ ఉండరట. మా తోటి ఆపరేటర్లందరూ ఉద్యోగాలు ఏమవుతాయోనని దిగులు పడుతున్నారు. నేను ఆ మాటల్లో కలవను.

ఇంకొకటి చెప్పాలి. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ ఏడో గురువారం మరునాడు నాకు పొద్దున డ్యూటీ పడింది. ఇంకొకామెకు జ్వరం, ఆమె బదులు నన్ను రమ్మన్నారు. రాత్రంతా నిద్ర లేదు. ఈసారి నిజంగా నాకే లేదు. దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను, పోగానే బెంగుళూరు అడుగుతాను, డాక్టరు ఇంటి నెంబరు కూడా మేము కాల్ రాసుకునే టిక్కెట్టు వెనక రాసి ఉంది, జరిగింది చెప్పేస్తాను అని. హెడ్‌సెట్టు తగిలించుకుని బళ్ళారిని పిలిచాను. గాలి లేదు. హోరు లేదు. అక్క గొంతు నా పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది.

“లైను పాలలాగ ఉంది తంగీ. బెంగుళూరు కాలీనే ఉంది. బేకా నీకు?” అంది. కావాలా అని.

ప్లగ్గు చేతిలో ఉంది. నోరు కూడా తెరిచాను. చెప్పాలంటే ముందు నిన్న అబద్ధం చెప్పానని చెప్పాలి. వింటున్నది అక్క. పక్క బల్ల దగ్గర సూపర్‌వైజరు టీ తాగుతున్నాడు. కిటికీ అవతల పత్తివాళ్ళు అప్పుడే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. తెల్లారింది కదా, ఆ పిల్లవాడు కూడా ఈపాటికి లేచి స్నానం చేసి చొక్కా వేసుకుని ఉంటాడులే అనుకున్నాను.

“వద్దక్కా, బెంగుళూరుకు ఎవరూ లేరు,” అన్నాను, అని హుబ్లీ కాల్ కలిపి, బెంచీ మీది పెద్దాయనను క్యాబిన్‌లోకి పొమ్మన్నాను.